కోర్టు కాగితం వచ్చింది

ఇది ఒక అత్తాకోడళ్ల కథ. మనుషులు కల్పితం. కథలో వచ్చే కాగితాలు మాత్రం నిజమైనవే. అటువంటి కాగితం ఏ ఇంటికైనా రావచ్చు.

గద్వాల దగ్గర ఒక పల్లె. కొడుకూ కోడలూ పని కోసం బొంబాయి పోయారు. పాలమూరు పల్లెలకు వలస కొత్త కాదు. ఇంటి దగ్గర అత్త ఉంది. ఇద్దరు మనుమలు ఉన్నారు. కోడలి పేరు మీద మూడెకరాల చేను ఉంది. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన చేను అది. పక్క చేను ఆసామితో గట్టు తగాదా చాలా కాలంగా ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక మనిషి బండి మీద వచ్చాడు. చంకలో కాగితాల సంచి ఉంది.

"అమ్మా, నేను గద్వాల కోర్టు నుంచి వచ్చిన. నీ కోడలి పేరు మీద సమన్లు ఉన్నాయి. తీసుకొని ఇక్కడ సంతకం పెట్టు."

అత్త గుండె ఝల్లుమంది. "కోర్టా! మాకేంటికి నాయనా కోర్టు? మేమేం తప్పు చేసినం? కోడలు ఊర్లో లేదు. నాకొద్దు. తీస్కపో."

"తీసుకుంటే తప్పు కాదమ్మా. తీసుకోకపోతేనే కష్టం."

"వద్దంటే వద్దు."

ఆయన ఇక మాట్లాడలేదు. కాగితాన్ని తలుపుకు అంటించాడు. పక్కింటివాళ్లను చూపించి ఏదో రాసుకున్నాడు. వెళ్లిపోయాడు. రెండు రోజులకు వాన పడింది. కాగితం నానింది. మిగిలిన ముక్కను మేక తిన్నది.

"పీడ పోయింది" అనుకుంది అత్త.

పీడ పోలేదు. కోర్టులో కేసు నడుస్తూనే ఉంది.

సమన్లు అంటే పిలుపు. "నీ మీద ఫలానా మనిషి దావా వేశాడు. ఫలానా తేదీన వచ్చి నీ మాట చెప్పుకో" అని కోర్టు పిలుస్తుంది. అది శిక్ష కాదు. అరెస్టు కాదు. తప్పు చేశావని చెప్పే కాగితమూ కాదు. పెండ్లి పిలుపుకు పోకపోతే చుట్టం అలుగుతాడు. కోర్టు పిలుపుకు పోకపోతే చేను పోతుంది.

సమన్లు తీసుకోనంటే కేసు ఆగదు. వద్దన్నవాళ్ల తలుపుకు కాగితం అంటించవచ్చు. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. అంటించిన సంగతి, చూసినవాళ్ల పేర్లు ఆ మనిషి కోర్టుకు రాసి ఇస్తాడు. సమన్లు అందినట్టే అని కోర్టు అనుకోవచ్చు. అప్పుడు అందలేదు అని మనం చెప్పినా నిలవడం కష్టం.

మరి కోడలి పేరు మీద వచ్చింది అత్త తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. భూమి తగాదాల వంటి సివిల్ కేసుల్లో ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా తీసుకోవచ్చు. ఆడ అయినా మగ అయినా సరే. క్రిమినల్ కేసుల్లో మాత్రం చాలా కాలం వేరే పద్ధతి ఉండేది. పిలిచిన మనిషి దొరకకపోతే ఇంట్లోని మగవాళ్లకే ఆ సమన్లు ఇవ్వాలని పాత చట్టంలో రాసి ఉండేది. ఇంట్లో పెద్దామె ఉన్నా లెక్కలోకి రాదు! 2024 జూలై 1న కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. అప్పుడు ఆ 'మగ' అనే మాట తీసేశారు. ఇప్పుడు ఏ కేసులోనైనా ఇంట్లోని పెద్ద ఆడమనిషి సమన్లు అందుకోవచ్చు. కాబట్టి చదివి అందుకోవడం కూడా మనకు రావాలి.

ఉగాదికి కొడుకూ కోడలూ ఊరికి వచ్చారు. తెల్లారి చేనుకు పోయారు. గట్టు లేదు. గట్టు ఉన్నచోట కొత్త కడీలు పాతి ఉన్నాయి. ఇరవై గుంటలు అవతలికి పోయాయి.

పక్క చేను ఆసామి ఒక కాగితం చూపించాడు. "కోర్టు నాకు డిక్రీ ఇచ్చింది. అడగాలంటే కోర్టును అడుగు" అన్నాడు.

కోడలు ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. కూడబలుక్కొని చదువుతుంది. కానీ ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. ఒక ముక్క కూడా తెలియలేదు. అంకెలు మాత్రం తెలిశాయి. పైన ఓ.ఎస్. నంబరు, దాని పక్కన సంవత్సరం, కింద తేదీ ఉన్నాయి. అవి తన నోటు పుస్తకంలో రాసుకుంది. ఆమె చేసిన మంచి పని అదే. నంబరూ సంవత్సరమూ ఉంటే కోర్టులో ఏ కాగితమైనా దొరుకుతుంది. అవి లేకపోతే మనుషుల పేర్లతో వెతుక్కోవాలి.

మహిళా సంఘంలో ఒకామె చెప్పింది. "గద్వాల కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటది. ఆడవాళ్లకు పైసలు లేకుండా వకీలును ఇస్తరు. పోయి అడుగు."

అది నిజమే. 1987లో వచ్చిన చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఆదాయం ఎంత అని అడగరు. ఎస్సీలకు, ఎస్టీలకు కూడా అంతే. ఫోనులో అడగాలంటే నంబరు 15100. వెనుక జిల్లా కోర్టు అంటే మహబూబ్‌నగర్ పోవాల్సిందే. 2022 జూన్‌లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ వేరు వేరు న్యాయ జిల్లాలు అయ్యాయి. ఇప్పుడు ఎక్కడి జిల్లా కోర్టు అక్కడే.

కోడలు పోయింది. ఒక వకీలమ్మను ఇచ్చారు. చిన్న వయసు పిల్ల. నోటు పుస్తకంలోని నంబరు చూసి కేసు కాగితాల నకలు తీయించింది. నకలు అంటే కాపీ. అప్పుడు మాట్లాడింది.

"అక్కా, ఈ కేసులో పక్క చేను ఆయన వాది. నువ్వు ప్రతివాదివి."

"నేనేం వాదించలేదు కదమ్మా. ఊర్లోనే లేను."

"వాది అంటే దావా వేసినాయన. ప్రతివాది అంటే ఎవరి మీద వేసిండో వాళ్లు. అంతే. వాది అంటే మంచోడని కాదు, ప్రతివాది అంటే చెడ్డోళ్లని కాదు. ఎవరు ముందు కోర్టుకు పోతే వాళ్లు వాది."

"అయితే నేనే ముందు పోయి ఉంటే?"

"నువ్వే వాదివి."

కోడలు నవ్వింది. నాలుగు రోజుల తర్వాత నవ్వడం అదే మొదటిసారి.

వకీలమ్మ కాగితం తిప్పింది. "ఇక్కడ ఎక్స్‌పార్టీ అని ఉంది చూడు. నీ పేరు పిలిచిండ్రు. నువ్వు రాలేదు, నీ తరఫున వకీలూ రాలేదు. ఒక పక్క మాట విని తీర్పు చెప్పిండ్రు. ఏకపక్షం అంటరు. ఆ తీర్పును బట్టి రాసిన ఆజ్ఞే ఈ డిక్రీ."

"నా మాట వినకుండ ఎట్ల చెప్తరు?"

"వింటమనే సమన్లు పంపిండ్రు."

కోడలు ఏమీ అనలేదు. అత్త తల వంచుకుంది.

ఇక్కడ అత్తను తిట్టడం సులభం. కానీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. కోర్టు అంటే జైలు, పోలీసులు అనే ఆమె విన్నది. చదువు రానివాళ్లకు కాగితం అంటే భయం పెట్టి ఉంచింది మనమందరమూ కలిసే.

ఏకపక్ష తీర్పు వచ్చినంత మాత్రాన అంతా అయిపోలేదు. దాన్ని రద్దు చేయమని అదే కోర్టును అడగవచ్చు. అందుకు గడువు 30 రోజులు. తీర్పు వచ్చిన తేదీ నుంచి లెక్క. సమన్లు సరిగా అందలేదని తేలితే, తీర్పు సంగతి మనకు తెలిసిన రోజు నుంచి లెక్క. గడువు దాటితే ఎందుకు ఆలస్యమైందో రాసి, మన్నించమని అడగాలి. కారణం సరైనదిగా కనిపిస్తే కోర్టు ఒప్పుకుంటుంది. అందుకే కోడలిని వకీలమ్మ ముందుగా ఒక్క మాటే అడిగింది. "ఈ సంగతి నీకు ఏ రోజు తెలిసింది?" కోడలు తేదీ కూడా పుస్తకంలో రాసుకొని ఉంది.

వకీలమ్మ ఒక కాగితం ముందు పెట్టింది. అది వకాలత్నామా. నా తరఫున ఈ వకీలు మాట్లాడవచ్చు అని మనం రాసి ఇచ్చే కాగితం. దాని మీద సంతకం పెట్టాలి. కానీ వట్టి తెల్ల కాగితం మీద పెట్టకూడదు. వకీలు అడిగినా, చుట్టం అడిగినా, సర్పంచి అడిగినా పెట్టకూడదు. మరొక కాగితం అఫిడవిట్. మనం చెప్పేది నిజమని ప్రమాణం చేసి రాసి ఇచ్చేది అఫిడవిట్. అందులో అబద్ధం ఉంటే మన మీదే కేసు కావచ్చు. కాబట్టి చదివించుకొని, విని, అప్పుడు సంతకం పెట్టాలి.

ఈ మాటలు ఇంత కష్టంగా ఎందుకు ఉన్నాయి? వకీలు, వకాలత్నామా, జామీను, జప్తు, నకలు, హాజరు. ఇవేవీ మన తెలుగు మాటలు కావు. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం రాజ్యంలో ఉండేవి. నిజాం కోర్టుల భాష ఉర్దూ. 1948లో నిజాం పాలన పోయింది. మాటలు మాత్రం మిగిలాయి. తర్వాత వాటి మీద ఇంగ్లీషు మాటలు వచ్చి పడ్డాయి. రైతు భాష కోర్టులోకి చేరనే లేదు.

ఒక వింత చెబుతాను. ముద్దాయి అనే మాట మనకు తెలుసు. నేరం చేశాడని కేసు పెడితే ఆ మనిషిని ముద్దాయి అంటాము. కానీ ఉర్దూలో ఆ మాటకు అర్థం దావా వేసినవాడు అని. అంటే వాది! ఎవరి మీద వేశారో ఆయనను ముద్దాలే అనేవారు. తెలుగులోకి వచ్చేసరికి మాట తలకిందులైంది. ముద్దాయి అంటే ఇప్పటికీ నేరస్తుడు అనుకునేవాళ్లు ఉన్నారు. అది కూడా తప్పే. ముద్దాయి అన్నా, నిందితుడు అన్నా నింద పడిన మనిషి అనే అర్థం. నేరం రుజువైతేనే దోషి. రుజువు కాకపోతే నిర్దోషి. ఊళ్లో మాత్రం కేసు పెట్టిన రోజే దోషిని చేస్తాము.

తెలుగులో తీర్పు రాయడం మాత్రం కుదరని పని కాదు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తీర్పును తెలుగులో ఇచ్చింది. పి. నవీన్ రావు, నగేశ్ భీమపాక అనే ఇద్దరు జడ్జిలు ఇచ్చారు. అటువంటి తీర్పులు కింది కోర్టుల నుంచి రోజూ వస్తే మన కోడలు ఆ డిక్రీని తానే చదువుకొని ఉండేది.

ఇంకొక కాగితం సంగతి చెప్పాలి. అది జామీను కాగితం.

మరిదిని పోలీసులు పట్టుకుపోయారు అనుకోండి. అరెస్టు చేసిన 24 గంటలలోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మేజిస్ట్రేటు జైలుకు పంపితే దాన్ని రిమాండు అంటారు. రిమాండు శిక్ష కాదు. విచారణ జరిగేదాకా ఉంచడం. కేసు నడుస్తుండగా బయట ఉండనిస్తే అది బెయిలు. మన ఊళ్లలో జామీను అంటాము. బెయిలు రాగానే ఇంట్లో అందరూ కేసు కొట్టేశారు అనుకుంటారు. కొట్టేయలేదు. వాయిదాలకు పోతూనే ఉండాలి.

బెయిలు ఇచ్చేటప్పుడు కోర్టు జామీనుదారులను అడగవచ్చు. "వదినా, ఒక్క సంతకం పెట్టు" అని మరిది అంటాడు. ఆ ఒక్క సంతకానికి అర్థం ఇది. ఈ మనిషి వాయిదాకు రాకపోతే ఇంత డబ్బు నేను కడతాను. అతడు రాకుండా తిరిగితే కోర్టు మనకు నోటీసు పంపుతుంది. కట్టకపోతే మన ఆస్తి జప్తు కావచ్చు. జప్తు అంటే కోర్టు స్వాధీనం చేసుకోవడం. మనిషి మీద నమ్మకం ఉంటేనే జామీను ఉండండి. ఉన్న తర్వాత నమ్మకం పోతే, నన్ను జామీను నుంచి తప్పించండి అని కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఈ మధ్య ఫోనులో కొత్త మోసం వచ్చింది. "నీ మీద కేసు ఉంది, నిన్ను డిజిటల్ అరెస్టు చేశాము, డబ్బు పంపు" అంటారు. డిజిటల్ అరెస్టు అనే మాట ఏ చట్టంలోనూ లేదు. ఫోను పెట్టేయండి.

మన మూడు జిల్లాలలో భూమి పోని ఊళ్లు తక్కువ. శ్రీశైలం ముంపు, జూరాల ముంపు పెద్దవాళ్లకు గుర్తే. తర్వాత నెట్టెంపాడు, కల్వకుర్తి, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకాలు వచ్చాయి. కాలువలకు, చెరువులకు భూములు తీసుకున్నారు. అప్పుడు ఒక మాట వింటాము. అవార్డు.

అవార్డు అంటే ఇక్కడ బహుమానం కాదు. శాలువా కప్పరు. నీ భూమికి ఇంత పరిహారం అని అధికారి రాసిన నిర్ణయమే అవార్డు. ఆ డబ్బు తక్కువ అనిపిస్తే ఎక్కువ ఇప్పించమని అడిగే హక్కు ఉంది. కానీ ఒక మెలిక ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు ఏమీ రాయకుండా సంతకం పెడితే ఒప్పుకున్నట్టే లెక్క. తర్వాత అడగలేము. 1894 నాటి పాత చట్టంలో ఇదే ఉంది. 2013 చట్టంలోనూ ఇదే ఉంది. కాబట్టి సంతకం పక్కన ఈ మాట రాయాలి.

అభ్యంతరంతో తీసుకుంటున్నాను.

రెండే మాటలు. ఈ మాటలను ఇప్పుడే మీ నోటు పుస్తకంలో ఐదుసార్లు రాయండి. డబ్బు తీసుకోవచ్చు, ఎక్కువ అడిగే హక్కూ ఉంటుంది. తర్వాత కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. అవార్డు ఇచ్చిన రోజు అక్కడ ఉన్నవాళ్లకు గడువు ఆరు వారాలే. సమ్మతి పత్రం అని వేరే కాగితం ఇస్తే మాత్రం ఆగండి. సమ్మతి అంటే ఒప్పుకోలు. దాని మీద సంతకం పెట్టాక ఎక్కువ అడగడం చాలా కష్టం.

లోక్ అదాలత్‌లో కూడా అవార్డు ఇస్తారు. అక్కడ రెండు పక్షాలూ రాజీ పడతాయి. రాజీ కాగితమే అవార్డు అవుతుంది. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఖర్చు మిగులుతుంది, మంచిదే. కానీ దాని మీద అప్పీలు లేదు. అప్పీలు అంటే పై కోర్టుకు పోవడం. అందుకని రాజీకి తొందర పడకూడదు. "పెద్దమనుషులు చెప్పిండ్రు, ఒప్పుకో" అంటే కాగితంలో ఏముందో ముందు చదివించుకోవాలి. భరణం ఎంత, ఏ నెల నుంచి, పిల్లలు ఎవరి దగ్గర అన్నవి అందులో అంకెలతో, తేదీలతో ఉండాలి.

భరణాన్ని మనోవర్తి అని కూడా అంటారు. భర్త చూడకపోతే భార్యకూ పిల్లలకూ నెలనెలా ఇవ్వమని మేజిస్ట్రేటు ఆజ్ఞ ఇస్తాడు. కేసు తేలేదాకా ఆగనవసరం లేదు. మధ్యంతర మనోవర్తి అడగవచ్చు. మధ్యంతరం అంటే కేసు నడిచేటప్పుడు ఇచ్చేది.

మన కోడలి సంగతికి వద్దాం. దరఖాస్తు వేసిన తర్వాత నాలుగు వాయిదాలు పడ్డాయి. వాయిదా అంటే మళ్లీ రమ్మని ఇచ్చిన తేదీ. ఒక వాయిదాకు జడ్జి సెలవు. ఒక వాయిదాకు అవతలి వకీలు రాలేదు. బస్సు కిరాయి, ఒకరోజు కూలి ప్రతిసారీ పోయాయి. ఉచితం అన్నది వకీలు ఫీజుకూ కోర్టు ఖర్చులకే. ఇది కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. కోడలు బొంబాయి పోలేదు. భర్త ఒక్కడే పోయాడు.

ఐదోసారి కోర్టు ఏకపక్ష తీర్పును రద్దు చేసింది. అవతలి పక్షానికి కొంత ఖర్చు ఇమ్మంది. కేసు మొదటికి వచ్చింది. కోడలు తన జవాబు రాసి ఇవ్వాలి. దాన్ని జవాబు దావా అంటారు. చేను ఎవరిదో ఇంకా తేలలేదు. సర్వేయరు వచ్చి కొలవాలి. సాక్షులు చెప్పాలి. కానీ ఈసారి ఆమె మాట కూడా వింటారు.

మొన్న మళ్లీ కోర్టు మనిషి వచ్చాడు. అత్త వాకిట్లో కూర్చుని ఉంది.

"ఇయ్యి నాయనా" అన్నది. "ముందు నంబరు చెప్పు. తారీఖు చెప్పు. మనుమడు రాసుకుంటడు."

ఈ పని చేయండి

మీ ఇంట్లో పెట్టెలో ఏదైనా కోర్టు కాగితం ఉందా? తెచ్చి సంఘంలో చూపించండి. అందులో ఇవి వెతకండి: కోర్టు పేరు, కేసు నంబరు, సంవత్సరం, వాది పేరు, ప్రతివాది పేరు, రావలసిన తేదీ. ఏది దొరకలేదు?

మీ ఇంటికి తాళం వేసి వలస పోయేటప్పుడు, కాగితం వస్తే అందుకొని మీకు ఫోను చేసేది ఎవరు? వాళ్ల పేరు రాయండి:

............................................